మూడో టేబుల్ మీద అనుమానం

గల్ఫ్ దేశంలో, అద్లియాలోని ఒక కాఫీ హోటల్లో వెయిటర్ తాహెర్ ఎవరినీ నమ్మేవాడు కాదు. పాల ప్యాకెట్ మీద తేదీ చదివాక కూడా వాసన చూసేవాడు. మొహం అబద్ధమాడినా బూట్లు ఆడవంటూ వచ్చినవాళ్ల బూట్లు చూసేవాడు. ఇరాక్‌లో యుద్ధం మొదలైన ఏడాది కాబట్టి అనుమానాలకు కరువు లేదు. మూడో టేబుల్ దగ్గర ఒక ముసలాయన రోజూ ఉత్తరం విప్పి పైకి చదువుకునేవాడు. "రాతేమో మన ఉర్దూ లెక్క కుడి నుంచి ఎడమకు, మాటేమో ఇక్కడికొచ్చే జర్మనోళ్ల లెక్క. ఏదో మతలబున్నది పరమేశ్, మేనేజర్‌కు చెప్త," అన్నాడు తాహెర్ తోటి వెయిటర్‌తో.

అంతలో పక్క టేబుల్ జర్మన్ ఇంజనీరు ఆ చదువు విని నవ్వాడు. "ఇదేం చెడిపోయిన జర్మన్?" అన్నాడు ఇంగ్లీషులో. ముసలాయన ఉత్తరం మడిచాడు. "ఇది యిడ్డిష్, మా యూదుల ఇళ్లలో మాట్లాడే భాష. జర్మన్‌కు చుట్టం. చెడిపోయింది కాదు, చంపినా చావనిది." తాహెర్ చేతిలో ట్రే ఆగిపోయింది. అతని హైదరాబాదీ మాట విన్నప్పుడల్లా లక్నో మేనేజర్ అనేదీ అదే, చెడిపోయిన ఉర్దూ అని. ఆ మేనేజర్‌కు తాహెర్ ఏమీ చెప్పలేదు. మర్నాడు ముసలాయన వస్తే బూట్లు చూడకుండానే కాఫీ పెట్టాడు. ఇంజనీరు బూట్లు మాత్రం రెండుసార్లు చూశాడు.