నవలలో చనిపోయిన పిల్లలకు దండం

పన్నెండేళ్ళు నిండిన పిల్లల్ని చంపే ఊరొకటి ఉందన్న వార్త నాకు మొదట తెచ్చింది మా నాయన చెల్లెలు, ధర్మవరం సరోజత్త. మొన్న హిందూపురంలో మా అమ్మాయి అలాంటి ఊరి కథే ఉన్న నవల కొంటే, ఆ కొత్త కాగితం వాసనకు అదంతా గుర్తొచ్చింది.

పెనుకొండలో అవ్వే నాకు ఇంట్లో చదువు చెప్పేది. చదివించినవన్నీ పురాణాలే కాబట్టి, అచ్చయిందంతా నిజమనుకునేదాన్ని. అత్త ఇచ్చిన నవలలో సైనికులు పిల్లల్ని కోటగోడ మీంచి తోసేవాళ్ళు. కింద రాళ్ళ మీద తలలు పగిలి నెత్తురు చిందేది. మా కిటికీలోంచి చూస్తే కోటగోడే. నాకు పన్నెండు నిండడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

దీపం ముందు ఆ పిల్లల పేర్లు చదివి దండం పెడుతుంటే అవ్వ విన్నది.

"ఎవురు పాపా వీళ్ళంతా?"

"కోట మీంచి తోసేసినోళ్ళవ్వా. ఇంగ నా వంతు."

అత్త పకపకా నవ్వింది. "అది కట్టుకథే పిచ్చిదానా. ఆ ఊరు యాడా లేదు."

"నువ్వుండు సరోజా. పాపకు భయం నిజంగానే ఉండాది," అని అవ్వ నా పక్కన కూర్చుంది. "మళ్ళా చదువు. నేనూ మొక్కుతా."

పుట్టినరోజు నాడు చెయ్యి పట్టుకుని కోటకు తీసుకుపోయింది. గోడ కింద రాళ్ళ మీద ఆరోజు పగిలింది కొబ్బరికాయ ఒక్కటే.

అలాంటి అవ్వనిచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. మీ పిల్లలు ఇలాంటి నవలలు చదివి భయపడితే, నవ్వే ముందు మా నరసమ్మవ్వను ఒకసారి తలుచుకోండి.