మట్టి కక్కిన ఆల్చిప్పలు

ఆ రోజు కరీంనగర్ బస్టాండులో నిలబడి అవ్వకు ఫోన్ మీద ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎందుకెత్తుతుంది నన్ను కన్న మహాతల్లి! ఆ ఫోన్ ఎప్పుడూ బియ్యం డబ్బా మీద పడి ఒక్కటే అరుస్తుంటుంది.

నా పరిశోధనకు ఆల్చిప్పలు మా ఊరి వాగు నుంచే తెప్పించుకునేదాన్ని. బొగ్గు కాల్చిన బూడిద గుట్టల మీద పడ్డ వాన వచ్చి కలిసే వాగు అది. ఏరి పంపేది అవ్వే. పొద్దున ప్రయోగశాలలో ఫలితాలు చూశాను. వాటి ఒంట్లో కాడ్మియం అనే విషలోహం ఉంది. దాన్ని పట్టి బంధించే ప్రోటీనూ విపరీతంగా పెరిగింది. ఆ ప్రోటీన్ కట్టిపడేస్తుంది కాబట్టే ఆల్చిప్ప చావదు, పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. విషం మాత్రం లోపలే ఉంటుంది. తిన్నవాళ్ళ ఒంట్లోకి చేరుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, పోయిన వారం అవ్వ చెప్పిన మాట. నాకు పంపగా మిగిలినవి పులుసు పెట్టి మా తమ్ముడి భార్యకు పోస్తోందట, రక్తం పడుతుందని. మరదలికి ఏడో నెల.

ఇంటికి చేరేసరికి వాకిట్లో గంగాళం ఉంది. బియ్యం కడిగిన నీళ్ళలో ఆల్చిప్పలు. ఒక పగలూ రాత్రీ అట్లా ఉంచితే మట్టంతా కక్కి శుభ్రపడతాయని మా దగ్గర నమ్మకం. మట్టి పోతుంది, నిజమే. ప్రోటీన్ పట్టుకున్నది పోదు. అదే చెప్తే అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఒకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టి వేలితో తట్టింది. అది టక్కున మూసుకుంది.

"బతికే ఉన్నయి గదనే బిడ్డా. ఇషముంటే సావకపోవునా?"

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అవి బతికుండడమే నా భయమని ఎట్లా చెప్పను? ఇంక పెట్టొద్దని అరిచాను. ఎప్పటి నుంచి పెడుతున్నావని అడిగాను. మూడో నెల నుంచట. ఆ మాట చెప్తూ అవ్వ గంగాళం మీద మూత పెట్టింది.

మరదలు గడపలో నిలబడి అంతా విన్నది. మెల్లగా వచ్చి, ఖాళీగా ఉన్న నా చేయి పట్టుకుని కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది.

"ఆడుతుంది సూడు వదినె. బాగనే ఉన్నట్టు గదా?"

ఇంకో చేతిలో ఆల్చిప్ప మూసుకునే ఉంది. నేను అవునన్నాను.