రాణిగారి రొట్టెలు, నా వాటా

జూన్ నెలాఖరు వచ్చిందంటే అమ్మ ఫోన్ చేస్తుంది. "ఏటే, రాణిగారిది రాసీసినావా?" అంటుంది. బాగున్నావా అని గానీ, తిన్నావా అని గానీ అడగదు. రాణిగారంటే ఏడు వందల ఏళ్ళ కిందటి పోర్చుగల్ రాణి. హిందీ ప్రాంతంలో, చరోదా రైల్వే కాలనీలో ఉండే మా అమ్మకి ఆవిడతో ఏం పనంటే, వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళ సంఘం ఆ రాణి పేరు మీదే నడుస్తోంది. జూలై మొదట్లో ఆవిడ పండగ. ఆ వారం వచ్చే ఆదివారం సంఘం వాళ్ళు ఆసుపత్రి బయట కాచుకుని ఉండే రోగుల తాలూకు మనుషులకి రొట్టెలు పంచుతారు. పంచే ముందు హాల్లో కూర్చుని ఆవిడ కథ వినాలి. అదీ తెలుగులోనే వినాలి. కాలనీలో పుట్టిన పిల్లలకి హిందీ వచ్చినంతగా తెలుగు రాదు కాబట్టి, రాసిపెట్టి చదివే చాకిరీ ఏటేటా నా నెత్తిన పడుతుంది.

నేను అక్కడికి దగ్గర్లోని మరోదా అనే చోట ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. జూన్ నెలాఖరంటే స్కూలు తెరిచి ఊపిరాడని రోజులు. చెప్తే అమ్మ వినదు. పోనీ, పోయినేడాది కాగితమే మళ్ళీ చదవమంటే "పాచిది పెడతావేటి?" అంటుంది.

కథ నాకు కంఠతా వచ్చు. పన్నెండేళ్ళు నిండీ నిండకుండానే ఆ పిల్లని పరాయి దేశపు రాజుకిచ్చి చేశారు. ఆవిడ ఆసుపత్రి కట్టించింది. దిక్కులేని పసిపిల్లలకి ఒక ఇల్లు, నిలువ నీడ లేని ఆడవాళ్ళకి ఒక ఇల్లు ఏర్పాటు చేసింది. మొగుడూ కొడుకూ సైన్యాలేసుకుని ఎదురెదురుగా నిలబడితే కంచరగాడిదెక్కి వాళ్ళ మధ్యకి వెళ్ళింది. మొగుడు పోయాక పట్టుబట్టలు వదిలేసి సన్యాసినుల మఠం పక్కన ఉండిపోయింది. ముసలితనంలో కొడుకూ మనవడూ కొట్టుకోబోతుంటే ఆపడానికని మళ్ళీ బయల్దేరి, ఆ ప్రయాణంలోనే పోయింది. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

గులాబీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిర్రెత్తుకొస్తుంది. ఆవిడ పేదవాళ్ళ కోసం ఒళ్ళో రొట్టెలు దాచుకుని వెళ్తుంటే రాజు ఆపి ఏమిటవి అన్నాడట. గులాబీలంది. ఒడి విప్పితే, చలికాలంలో, నిజంగానే గులాబీలున్నాయట. మరి రొట్టెల కోసం కాచుక్కూర్చున్న వాళ్ళు ఆ పూట ఏం తిన్నారు? పదేళ్ళప్పుడు ఈ ప్రశ్న అడిగితే అమ్మ నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది.

ఏటా నేను కావాలని వదిలేసే ముక్క ఇంకొకటుంది. ఆ రాజుకి బయట ఆడవాళ్ళతో కలిగిన పిల్లలున్నారు. రాణి వాళ్ళని కూడా చేరదీసి పెంచింది.

మా నాన్న గూడ్స్ గార్డు. విజయనగరం మనిషి. చర్చి గుమ్మం ఎక్కలేదు. మా ఇంట్లో రాణిగారి పటం పక్కనే వేంకటేశ్వరస్వామి పటం ఉండేది, రెంటికీ కలిపి ఒకటే అగరొత్తి. డ్యూటీ మీద డోంగర్‌గఢ్ వెళ్తే అక్కడే పడుకుని మర్నాడు వచ్చేవాడు. అక్కడ ఆయనకి ఇంకో సంసారం ఉందని నాకు పన్నెండో ఏట తెలిసింది. ఆవిడ జ్వరంతో చచ్చిపోతే, తొమ్మిదేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ నెల రోజులు నాన్నతో మాట్లాడలేదు. ఆ పిల్లకి మాత్రం ఆ సాయంత్రమే తలంటి, జడవేసి, నా మంచం మీద పడుకోబెట్టింది. పక్కింటావిడ ముక్కున వేలేసుకుంటే, "రాణిగారు పెంచనేదేటి?" అంది. ఆ రోజు నుంచీ ఆ రాణి నాకు శత్రువైంది.

నాన్న చేత ఆ పిల్ల పేరు సర్వీసు కాగితాల్లో, రైల్వే పాసులో కూతురని రాయించింది కూడా అమ్మే. సరే అనుకున్నాను. పాసులో పేరుంటే నాకేం పోయింది?

ఏం పోయిందో తొమ్మిదేళ్ళ తర్వాత తెలిసింది. నాన్న సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. అలా పోతే ఇంట్లో ఒకరికి రైల్వే ఉద్యోగం ఇస్తారు. ఎవరికివ్వాలో భార్య చెప్పాలి. నేను అప్పుడే బీఎస్సీ పాసయ్యాను. సర్టిఫికెట్లన్నీ జిరాక్సులు తీయించి, ఫైలు కట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఫారం తీశాడు. "చిన్నదాని పేరు రాయండి బాబూ" అంది అమ్మ. ఆయనే తడబడ్డాడు. "సోచ్ లీజియే మాజీ, బడీవాలీ గ్రాడ్యుయేట్ హై" అంటూ, పెద్దది డిగ్రీ పాసైందని గుర్తుచేశాడు. అమ్మ నా వైపు చూడలేదు. "చిన్నదాన్దే రాయండి" అంది.

అది జరిగి పదకొండేళ్ళు. చిన్నది యార్డు ఆఫీసులో పనిచేస్తోంది. అమ్మ దానితోనే క్వార్టర్లో ఉంటోంది. చిన్నదే అమ్మకి వేళకి మాత్రలు ఇస్తుంది, నేను వెళ్తే "దీదీ" అంటూ ఎదురొస్తుంది. దాన్ని మనసారా తిట్టుకుందామన్నా ఒక్క సాకు ఇవ్వదు. అది ఇంకా ఒళ్ళుమంట.

ఈ ఏడు కాగితం పట్టుకుని వెళ్ళేసరికి చిన్నది డ్యూటీలో ఉంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, "ఆ పిల్లల సంగతి ఎప్పుడూ రాయవేటి?" అంది.

ఇక ఆగలేకపోయాను. "ఆ రాణి తన ఒళ్ళో రొట్టెలు పంచిందమ్మా. నువ్వు నా కంచంలోది తీసి పంచావు" అన్నాను. గొంతు పెరిగింది. వీధిలో వెళ్ళే కూరగాయలబ్బాయి కూడా ఆగి చూశాడు.

అమ్మ కళ్ళజోడు తీసింది. "అవును. నీదే తీసి ఇచ్చీసినాను. నాదేటి ఉన్నాదే ఇవ్వడానికి? ఇల్లు రైల్వేది. జీతం మీ నాన్నది. ఆ రాణికి ఊళ్ళకి ఊళ్ళే ఉండీవి. నాకు నువ్వున్నావు. నీకు సదువుంది, దానికేటీ లేదు."

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చీదానివా?"

"ఇవ్వను."

"తెలుసు. అందుకే అడగనేదు."

ఇలాంటి మనిషితో ఎవరు వాదించగలరు? కాగితం లాక్కుని, బల్ల ముందు కూర్చుని, ఆ పిల్లల సంగతి రాశాను. రాణి వాళ్ళని తన ఇంట్లో పెంచింది అని రాశాను. కోపం తీరక కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను: "రాణికి కడుపున పుట్టిన కూతురు కూడా ఒకతె ఉంది. ఆ పిల్లకి ఎలా ఉండేదో ఎవరూ రాయలేదు." కొట్టేస్తే కొట్టేసుకోనీ అని అమ్మ చేతిలో పడేశాను. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని చదివింది. కొట్టెయ్యలేదు. "ఈసారి నానే సదువుతాను" అంది, అంతే.

ఆదివారం హాల్లో ముప్ఫై మంది దాకా ఆడవాళ్ళున్నారు. రొట్టెల గంపలు గోడవారగా ఉన్నాయి. చిన్నది నా పక్కన కూర్చుంది. అమ్మ కూడబలుక్కుంటూ చదివింది. చివరి రెండు వాక్యాలూ చదివి ఆగింది. కాగితం మడిచి, అందులో లేని మాట ఒకటి అంది.

"ఆ కూతురికి శానా కష్టంగా ఉండుంటాది. తల్లికి తెలుసు. తెలిసే సేసింది."

పదకొండేళ్ళకి ఆ మాట వచ్చింది, అదీ రాణిగారి మీద పెట్టి, ముప్ఫై మంది ముందు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, ఆపుకోలేకపోయాను. చిన్నది నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకోబోయి చూస్తే, అది నాకంటే ఎక్కువ ఏడుస్తోంది.