చుక్కాని నాన్న చేతిలో

మెదడువాపు జ్వరం తగ్గాక నాన్నకి మాట తిరిగొచ్చింది, ఒంట్లో బలం తిరిగొచ్చింది. దారులే రాలేదు. బాపట్ల ఒడ్డున మా ఇంటి నుంచి టీకొట్టుకి వెళ్ళి, తిరిగి రాలేక ఎవరి గుమ్మంలోనో కూర్చునేవాడు. “అమ్మేసిన గేదె కూడా దారి వెతుక్కుని తిరిగొచ్చింది, ఈయనకి వీధి చివర నుంచి ఇల్లు దొరకదు,” అని అమ్మ ఒకరోజు నవ్వేది, ఒకరోజు ఏడ్చేది. మెదడులో దారులు గుర్తుండే చోటు దెబ్బతిందని తెనాలి డాక్టరు చెప్పాడు. బాగా పాతవి మిగులుతాయట. ఈమధ్యవి పోతాయట, కొత్తవి నిలవవట.

వేటకి రావద్దంటే నాన్న అన్నం మానేశాడు. సరే, రమ్మన్నాను. డెబ్బైల్లో ఒక చలికాలం అది. వల లాగి పడవ తిప్పబోతుంటే పొగమంచు కమ్మేసింది. ఒడ్డు లేదు, పొద్దు లేదు. నాన్న లేచొచ్చి చుక్కాని పట్టుకున్నాడు. చుక్కాని పట్టినవాడికి పడవలో ఎవరూ ఎదురు చెప్పకూడదు, అది మావాళ్ళ కట్టుబాటు. అయినా నాకు భయం ఆగలేదు.

“మంచు విడిచేదాకా లంగరేద్దాం నాన్నా.”

“నోర్ముయ్‌రా. ఇంటి దారి నాకు చెప్తావేంటి?”

చాలాసేపటికి ఇసుక మేట మీద కెరటాలు విరిగే చప్పుడు వినిపించింది. పడవ అడ్డం తిరిగిందంటే ఇద్దరం పోతాం. చుక్కాని లాక్కుందామని చెయ్యి చాచాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాకు మాత్రం ఏం దారి తెలుసు గనక? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాన్న ఒక కెరటాన్ని పోనిచ్చి, తర్వాతి దాని మీదికి పడవని ఎక్కించాడు. మరుక్షణం కింద నీళ్ళు నెమ్మదించాయి.

మంచులోంచి మడచెట్లు బయటపడ్డాయి. మా ఒడ్డున మడచెట్లు లేవు. ఇది రేపల్లె వైపు మా పాత ఊరు. గాలివానకి ఇల్లు కొట్టుకుపోతే, నా చిన్నప్పుడే వదిలేసి వచ్చిన ఊరు.

నాన్న దిగి తడబడకుండా నడిచాడు. ఉత్త ఇసుకలో ఒకచోట ఆగి, చూరు తగలకుండా తల వంచాడు. నాకు ఏడుపొచ్చింది.

“పద నాన్నా, ఇంటికెళ్దాం,” అన్నాను.

జాలిగా నావైపు చూశాడు. “ఇంటికొచ్చాక ఇంకెక్కడికిరా?”