మకాం మారినప్పుడల్లా సంత

రంగూన్ మీద బాంబులు పడ్డాక మా మరిది కొంత నడిచి, కొంత పడవల్లో, కొంత రైళ్లలో ఎలాగో మా ఊరు మరైగూడ చేరాడు. వెంట ఒక బర్మా పిల్లను తెచ్చాడు. పెళ్లి అక్కడే అయిందట. మా అత్త వాకిట్లో నిలబడి ఆ పిల్లను కిందికీ మీదికీ చూసి, "కాళ్లు కడుక్కొని రా" అని మాత్రం అంది. ఆ పూట నుంచి ఆమె నాకు తోడికోడలు.

తెలుగు ఆమెకు బాగానే వచ్చు. కాకపోతే అంతా మొగుడి నోట విని నేర్చుకున్నది. ఆయన ఎవరిని ఏమని పిలిస్తే తనూ అదే పిలిచేది. నన్ను అక్కా అనాల్సింది పోయి వదినా అనేది. అత్తను అమ్మా అనేది. బావ అయ్యే నా పెనిమిటిని "అన్నా, ఎడ్లకు నీళ్లు పెట్టినవా" అని మొహం మీదే అడిగేది. మా ఇంట్లో మరదలు బావతో అలా మాట్లాడటం ఎన్నడూ లేదు. ఆయన సిగ్గుపడి కొట్టంలోకి పోయి దాక్కునేవాడు.

అప్పట్లో మాది బస్తర్ రాజ్యం. యుద్ధం రోజులు కావడంతో బయటి దేశం మనిషి ఎవరొచ్చినా ఠాణాకు వెళ్లి ఎక్కడ ఉంటున్నదీ చెప్పాలన్నారు. ఠాణా సంత జరిగే ఊళ్లో ఉండేది. తెల్లవారకముందే బండి కడితే ఎండెక్కేసరికి చేరతాం. మరిది, ఆమె, తోడుగా నేను వెళ్లాం. అక్కడ రాతపని చూసే మున్షీ హిందీ మనిషి. తంటాలు పడి తెలుగు మాట్లాడేవాడు. అన్నీ రాసుకుని చివరికి ఆమెతో నెమ్మదిగా చెప్పాడు.

"చూడమ్మా, మకాం మారితే వచ్చి చెప్పాలె. ఎక్కడ పండుకుంటే అదే మకాం. సమజ్ అయిందా?"

"అయింది," అంది ఆమె.

పని అయ్యాక మరిది మమ్మల్ని సంతలో తిప్పాడు. పెళ్లయి ఏళ్లు గడిచినా నేను సంత చూడటం అదే మొదలు. మా ఇంట్లో సంతకు అత్త ఒక్కతే పోయేది. గాజులు, చీరలు, చివరికి మా దువ్వెనలు కూడా తనకు నచ్చినవే తెచ్చేది. ఆమెకు నచ్చే రంగు ఒకటే, మట్టి రంగు. ఆ రోజు నేను ఎర్ర గాజులు తొడిగించుకున్నాను. తోడికోడలు ఎండుచేపల వరసలో ఒక్కో బుట్ట దగ్గరా వంగి వాసన చూసి, అన్నిటికంటే ఘోరంగా కొట్టేదాన్ని ఎంచుకుంది. దారి పొడుగునా ఆ పొట్లం ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

తర్వాత జొన్న కంకులు పాలు పోసుకున్నాయి. అడవిపందులు రాకుండా కాపలాకని మరిది, ఆమె చేలో మంచె మీద పడుకోవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చింది.

"వదినా, నా మకాం మారింది గదా. ఠాణాల చెప్పకుంటే ఎట్ల?"

ముఖం చాలా గంభీరంగా పెట్టింది గానీ, కళ్లు మాత్రం నా ఎర్ర గాజుల మీద ఉన్నాయి.

నేను వెళ్లి ఆ మాట అత్త చెవిన వేశాను. అత్త పులికి భయపడదు, పోలీసుకు భయపడుతుంది. "పోండి, పోండి. ఆళ్లు ఇంటిమీదికొస్తే ఊరంత చూస్తది," అని తానే సద్దిమూట కట్టింది.

"ఎక్కడి నుంచి ఎక్కడికి?" అన్నాడు మున్షీ.

"ఇంట్ల నుంచి చేన్లకు."

"చేను ఎంత దూరం?"

"అమ్మ తిడితే వినపడుతది."

మున్షీ కలం పట్టుకుని కాసేపు మా ముఖాలు చూశాడు. కానీ ఎక్కడ పడుకుంటే అదే మకాం అన్నది ఆయనే. రాసుకున్నాడు. మేం సంతలోకి పరిగెత్తాం.

పంట ఇల్లు చేరాక, మంచె దిగి వచ్చామని చెప్పడానికి మళ్లీ వెళ్లాం. ఇప్పపూల రోజుల్లో చెట్ల కింద పడుకుంటున్నామని వెళ్లాం, పువ్వు అయిపోయిందని వెళ్లాం. వానలు పడి ఆమె పడుకునే చోట కప్పు కారింది. చాప చుట్టుకుని పోయి పశువుల కొట్టంలో పరుచుకుంది. అదీ చెప్పడానికి వెళితే, ఈసారి మున్షీ కలం కింద పెట్టేశాడు.

"కొట్టం ఇంట్లనే ఉన్నది గదమ్మా."

"నడుమ గోడ ఉన్నది."

"మూల మారితె మకాం మారినట్టు కాదు."

"ఆనాడు నువ్వు మూల సంగతి చెప్పలె," అంది తోడికోడలు.

ఆయన మరిది వైపు తిరిగాడు. మరిది ఠాణా పైకప్పును పరీక్షగా చూస్తున్నాడు.

అత్తకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? చేతులకు రోజుకో రంగు గాజులు, ఇల్లంతా చేప వాసన. ఒకసారి బండి కడుతుంటే తానూ వచ్చి ఎక్కి కూర్చుంది.

ఠాణాలో మున్షీ అలవాటు ప్రకారం తోడికోడలికి ముక్కాలిపీట చూపించాడు. "బైఠో అమ్మా. ఆరోగ్యం మంచిగున్నదా? ఈసారి ఎక్కడ?" అని అడిగాడు. పోలీసు మనిషి తన కోడలికి పీట వేయడం, బాగోగులు కనుక్కోవడం అత్త నిలబడి చూసింది. ఇక మా గుట్టు బయటపెడుతుందనుకుని నేను తల వంచుకున్నాను. అత్త ముందుకు జరిగింది.

"నాది గూడ రాసుకో," అంది.

"నీదేంది?"

"నేను గీ రాజ్యం దాన్ని కాదు. గోదారి అవతల నైజాంల పుట్టిన."

"ఎప్పుడొచ్చినవ్?"

"లగ్గమైనంక."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"అడిగినోడెవడు?"

మున్షీ నవ్వాడు. ఇంకో పీట తెప్పించాడు. ఆమె పుట్టిన ఊరు, తండ్రి పేరు అడిగాడు. అడగనివి కూడా ఆమె చెప్పింది. వాళ్ల నాన్న మేకల్ని ఎలా పిలిచేవాడో, పెళ్లికూతురిగా ఏ రేవులో పడవ ఎక్కిందో, పడవలో ఎంత ఏడ్చిందో అన్నీ చెప్పింది. ఆ ఊరి పేరు నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. మున్షీ అవేవీ రాసుకోలేదు గానీ, మధ్యలో ఆపనూ లేదు.

ఆ రోజు సంతలో అత్త జిలేబీ కొని మా ఇద్దరికీ పెట్టి, తానూ తిన్నది. గాజులు మాత్రం మట్టి రంగువే తొడిగించుకుంది.

అటు తర్వాత మున్షీ కబురు పంపాడు. ఇకమీద ఎవరూ రానక్కర లేదు, గస్తీకి వచ్చినప్పుడు తనే మా ఇంటికి వచ్చి రాసుకుంటాడట. ముగ్గురం డీలాపడ్డాం. అత్త మాత్రం, "రానీ. సంతనాడే వస్తడా ఏంది," అంది.

సంతనాడే వచ్చాడు. మా ఇంటికి తాళం ఉంది. అత్త ముందు రోజే అరుగు మీద నుంచి లోపలికి పక్క మార్చుకుంది మరి. పక్కింటి ముసలాయన ఆయనకు ఉన్నమాటే చెప్పాడు.

"ఆళ్లా? మకాం మారిందని చెప్పనీకి మీ కాడికే పోయిన్రు."

దీపాలు పెట్టే వేళకు మేం బండి దిగితే, మున్షీ మా అరుగు మీద గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. అత్త ఆయన్ను లేపి మంచినీళ్లిచ్చింది. తోడికోడలు ఆ పూట తెచ్చిన ఎండుచేపను మిరపకాయలు దండిగా వేసి వండింది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాక మా ముగ్గురినీ చూసి అన్నాడు.

"మీ సంతకు మీరు పోండి అమ్మా. నడుమ నేనెందుకు?"

"నేను గూడ గదే అంటున్న," అంది అత్త, మొదటి నుంచీ తన మాట అదే అన్నట్టు.

ఆ తర్వాతి సంతకు బండి ఖాళీ లేకపోతే ముగ్గురం నడిచే వెళ్లాం.