ఎడమవైపు బడ్డు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో దస్తగిరి పొద్దంతా కోత మిషను నడుపుతాడు. పగిలే ముందు రాయి గొంతు మారుస్తుందని, అది వినాలని చెవుల్లో దూది కూడా పెట్టుకోడు. సాయంత్రం ముఖాన దుమ్ము కడుక్కుని గడప దగ్గర కూర్చుంటాడు. నంద్యాల సెల్ షాపులవాళ్లు పారేసిన ఇయర్‌బడ్స్‌ను బ్లేడుతో విప్పి, ఒకదాని బ్యాటరీ, ఇంకోదాని స్పీకరు కలిపి, ఊపిరి బిగబట్టి టంకం పెడతాడు. చేసినవాటిని అమ్ముకోడు, ఎవరికీ ఇవ్వడు. పాట పలికితే మీసాల చాటున నవ్వుకుంటాడు, అంతే.

ఈసారి జతలో ఎడమది పలకలేదు. స్పీకరు మార్చాడు, మళ్లీ మార్చాడు. చివరికి విసుగొచ్చి, బియ్యం చెరుగుతున్న భార్య హుసేన్‌బీ చెవిలో పెట్టాడు.

"ఏమన్నా ఇనపడతాందా?"

"పాట బాగనే వస్తాంది గదా."

దస్తగిరి దాన్ని తీసి తన కుడి చెవిలో పెట్టుకున్నాడు. పాట గట్టిగా వచ్చింది. ఎడమ చెవికి మార్చాడు. మిషను ఆపాక మిగిలే సన్నటి కూత తప్ప ఏమీ లేదు.

"ఏందీ, అట్ల కూచుండావ్?" అంది హుసేన్‌బీ.

"వైరు లూజుగా ఉండాది," అంటూ, బాగున్న బడ్డును మళ్లీ బ్లేడుతో విప్పసాగాడు.