ఖమర్ నల్ల చేతులు

మెదక్‌లో ఖమర్ ఉండే గల్లీలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఇరవై ఒకటో రోజు బుగ్గన పెట్టే తొలి దిష్టిచుక్క ఆమె చేతి కాటుకదే. ముప్పై ఏళ్లుగా అదే వరస. నహర్ కాలువ గట్టు కింద తడిలో పెరిగే గుంటగలగరాకు కోసుకొచ్చి, ఆ పసరులో గుడ్డ నానబెట్టి, ఆరేసి, వత్తి చేసి, ఆముదంలో వెలిగించి మసి పట్టేది.

ఈమధ్య దగ్గరివి మసకగా కనిపిస్తున్నాయి. దవాఖానాలో కళ్లజోడు రాసిచ్చారు. చేయించుకుంది గానీ, ముసలిదైందంటారని బియ్యం డబ్బాలో దాచేసింది. ఆ సంగతి బియ్యానికి తప్ప ఎవరికీ తెలియదు.

పక్కింటి సుశీల కూతురు రచనకు కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటికి ఇంకా నాలుగు రోజులుందనగా ఖమర్ ఒడినిండా ఆకు తెచ్చి అరుగు మీద పోసింది. సుశీల ఒక పువ్వు పట్టుకుని తిప్పి చూసింది.

"ఖమరక్కా, గిది గడ్డిచామంతి గదనే! నడుమ పసుపు కనవడ్తలేదా?"

"నాకే చెప్తున్నవా?" అని ఖమర్ నాలుగాకులు అరచేతిలో నలిపింది. అసలుదైతే పసరు చూస్తుండగానే నల్లబడాలి. పచ్చగానే ఉంది. ఇంకా నలిపింది. ఇంకా పచ్చగానే ఉంది. వాకిట్లో ఆడవాళ్లంతా ఆ అరచేతినే చూస్తున్నారు.

"పరేషాన్ గాకు అక్కా. దుకాణంల డబ్బ కొంటం తీయ్," అంది సుశీల జాలిగా.

ఆ జాలే గుచ్చుకుంది. ఒక్కసారి డబ్బా కొన్నారంటే ఇక ఏ పసిబుగ్గకూ తన అవసరం ఉండదు.

మిట్టమధ్యాహ్నం ఆటో ఎక్కి మళ్లీ నహర్‌కు పోయింది. కళ్లజోడు ఇప్పుడూ తీసుకోలేదు. దారిలో ఎవరైనా చూస్తే? కుచ్చిళ్లు ఎగదోపి బురదలో దిగి, తెల్లపువ్వున్న ప్రతి మొక్కనూ చిదిమి చేతికి రుద్దింది. పదో మొక్కకు అరచెయ్యి నల్లబడింది. అమ్మయ్య అనుకుని, అదే చేత్తో ముఖం తుడుచుకుంది.

"కాటుక పిలగానికా, నీకా?" ఆటో దిగిన ఖమర్ ముక్కు చూసి సుశీల పకపకా నవ్వింది.

"నవ్వు, మస్తు నవ్వు! ముందుగాల గివి సూడు," అని ఖమర్ రెండు చేతులూ ఎత్తింది. సుశీల నవ్వు ఆపి, పోయి వత్తికి పాత మల్లు గుడ్డ తెచ్చిచ్చింది.

ఇరవై ఒకటో రోజు ఖమర్ కాటుక భరిణెతో బిడ్డ మీదికి వంగింది. వేలు కంటి దగ్గర తచ్చాడింది.

"పెద్దమ్మా, పైలం!" అంది రచన.

ఖమర్ ఆగింది. నింపాదిగా బొడ్లోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. రెండు బియ్యపు గింజలు రాలాయి.

"ఇదెప్పటిసంది అక్కా?" అంది సుశీల.

"పిలగాని మొఖం సూడనీకె పెట్టుకున్న. ఆకు పట్టనీకె నా చేతులు సాలు."

చుక్క గుండ్రంగా, సరిగ్గా బుగ్గ నడుమ కూర్చుంది.

చేతుల నలుపు వారం దాకా వదల్లేదు. వదిలించుకుందామని ఆమే అనుకోలేదు. కూరగాయల బండి దగ్గర ఒక్క టమాట ఏరడానికి కూడా రెండు అరచేతులూ చాపింది.